సర్వర్ ‘డౌన్’ కాలేదు, ఫైలునే పాడుచేసి పంపింది

సంపాదకులకు నమస్కారం.

పరీక్షల కాలం వచ్చినప్పుడల్లా మీ జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేసుకుంటే తెరుచుకోవడం లేదనీ, తెరుచుకున్నా ఫొటో ఉండవలసిన చోట బూడిదరంగు పలక వస్తోందనీ విద్యార్థులు వాపోతారు. సర్వర్ మీద ఒత్తిడి ఎక్కువైందని, కాసేపాగి మళ్లీ ప్రయత్నించమని అధికారులు చెబుతారు. వార్త అక్కడితో ముగుస్తుంది. ఈ జవాబును ఇన్నేళ్లుగా ఎవరూ ప్రశ్నించకపోవడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. ఒత్తిడి ఎక్కువైన సర్వర్ ఆలస్యంగా జవాబిస్తుంది, లేదంటే 503 అనే అంకె చూపించి తన అశక్తతను ఒప్పుకుంటుంది, మహా అయితే మధ్యలో తెగిపోతుంది. అలా తెగినప్పుడు డౌన్‌లోడ్ విఫలమైందని బ్రౌజరే చెప్పేస్తుంది. అంతే తప్ప, చెడిపోయిన ఫైలును పరిమాణంలో ఒక్క బైటు కూడా తేడా రాకుండా, అంతా సవ్యంగా ఉందని చెప్పే 200 అంకె వేసి పంపడం ఒత్తిడి వల్ల జరిగే పని కాదు. ఆ జబ్బు వేరు, దానికి మందు వేరు. వెబ్ సర్వర్ తన సొంత డిస్కు మీద ఉన్న ఫైళ్లను కాక, నెట్‌వర్క్ మీద ఇంకో యంత్రంలో ఉన్న షేర్డ్ ఫోల్డర్‌లోని ఫైళ్లను అందిస్తున్నచోట ఇది ఎక్కువగా వస్తుంది. మా దగ్గర కూడా వచ్చింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను గోదావరి జిల్లాల్లోని ఒక ప్రైవేటు కళాశాలలో కంప్యూటర్ల నిర్వహణ చూసే ఉద్యోగిని. కిందటేడు సెమిస్టర్ పరీక్షలకు నాలుగు రోజుల ముందు ఒక తండ్రి తన కూతురిని వెంటబెట్టుకుని మా గదికి వచ్చారు. ఆయన చేతిలో నెట్ సెంటర్లో తీయించిన మూడు కాగితాలున్నాయి. మూడింటిలోనూ అమ్మాయి పేరు, నంబరు సరిగ్గానే ఉన్నాయి గానీ, ఫొటో మాత్రం నుదుటి వరకూ వచ్చి అక్కడి నుంచి కిందికి బూడిదరంగులోకి జారిపోయింది. ‘నెట్ సెంటర్ అబ్బాయేమో ఫైలే అలా ఉందంటాడండీ, మీ ఆఫీసులో అడిగితే అతని ప్రింటర్ బాగోలేదంటారు, నేను ఎవరి మాట నమ్మాలి?’ అని ఆయన అడిగారు. పరీక్షల విభాగం సూపరింటెండెంట్ గారికి ఫోన్ చేస్తే, ఆయన తన కంప్యూటర్లో అదే ఫైలును తెరిచి, ‘నిక్షేపంలా ఉంది మాస్టారూ, కావాలంటే వచ్చి చూడండి’ అన్నారు. వెళ్లి చూశాను. నిజంగానే నిక్షేపంలా ఉంది.

ఇద్దరూ నిజమే చెబుతున్నారని అర్థం కావడానికి నాకు ఒక పూట పట్టింది. సూపరింటెండెంట్ గారు ఆ ఫైలును తమ విండోస్ కంప్యూటర్‌లో షేర్డ్ ఫోల్డర్ నుంచి నేరుగా తెరుస్తున్నారు. నెట్ సెంటర్ అబ్బాయి దగ్గరకు అదే ఫైలు వెబ్ సర్వర్ చేతుల మీదుగా వెళుతోంది. మా ఏర్పాటు ఇలా ఉండేది: హాల్‌టికెట్ల పీడీఎఫ్‌లన్నీ ఒక గదిలో ఉన్న నిల్వ పెట్టెలో ఉంటాయి, పరీక్షల విభాగం వారు ఆ పెట్టెలోని ఫోల్డర్‌లోకే వాటిని కాపీ చేస్తారు, ఇంకో గదిలో లైనక్స్ మీద నడిచే అపాచీ అనే వెబ్ సర్వర్ అదే ఫోల్డర్‌ను, విండోస్ వాడే ఎస్ఎంబీ పద్ధతిలోనే, తనదన్నట్టు మౌంట్ చేసుకుని బయటికి అందిస్తుంది, దాని ముందు ఎన్‌జిన్ఎక్స్ అనే మరో సర్వర్ కూర్చుని, హెచ్‌టీటీపీఎస్ తాళం వేయడం, కొన్ని ఫైళ్ల కాపీలను మళ్లీ అడిగితే ఇవ్వడానికి క్యాష్‌లో దాచడం చేస్తుంది. ఒకచోట పెడితే అన్నిచోట్లా కనిపిస్తుందన్న సౌకర్యం కోసం పదేళ్ల కిందట చేసుకున్న ఏర్పాటు అది. దాన్ని చేసినవారిలో నేనూ ఒకణ్ని.

ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు చాలామంది చేసే మొదటి తప్పు, చెడిపోయిన ఫైలును తొలగించి మళ్లీ డౌన్‌లోడ్ చేయమనడం. అది సాక్ష్యాన్ని చెరిపేయడమే. నేను ఆ తండ్రి దగ్గరున్న పెన్‌డ్రైవ్ నుంచి చెడిన ఫైలును తీసుకుని, నిల్వ పెట్టెలోని అసలు ఫైలుతో పోల్చాను. రెండింటి పరిమాణమూ ఒక్కటే. లైనక్స్‌లో రెండు ఫైళ్లను బైటు బైటుకూ పోల్చే సీఎంపీ అనే చిన్న పనిముట్టు ఉంది. దానితో చూస్తే మొదటి తేడా 1,31,073వ బైటు దగ్గర కనిపించింది. సీఎంపీ లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది కాబట్టి, యంత్రం లెక్కలో అది 1,31,072. ఆ సంఖ్యను చూడగానే నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను, ఎందుకంటే 4,096ను 32తో గుణిస్తే వచ్చేది సరిగ్గా అదే. మామూలు కంప్యూటర్లలో లైనక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్ తన జ్ఞాపకంలో ఫైళ్లను ముక్కలుగా దాచుకునే ఒక్కొక్క పేజీ పరిమాణం 4,096 బైట్లు. అక్కడి నుంచి 1,96,608 వరకూ, అంటే మరో 16 పేజీల మేర, అన్నీ సున్నాలు. ఆ తర్వాత మళ్లీ అసలు ఫైలు యథాతథంగా కొనసాగింది. కేబుల్ తప్పు వల్ల, వైఫై బలహీనత వల్ల వచ్చే చెడు ఇంత గుండ్రటి సంఖ్యను ఎంచుకుని మొదలవదు, ఇంత గుండ్రటి సంఖ్య దగ్గర ఆగదు.

పైగా ఆ ఫైలు హెచ్‌టీటీపీఎస్ మీద వచ్చింది. తాళం వేసిన సమాచారంలో దారిలో ఒక్క బైటు మారినా అవతలి వైపు తాళం తెరుచుకోదు, సంబంధం తెగిపోతుంది. అందువల్ల తాళం సరిగ్గా తెరుచుకుని లోపల సున్నాలు కనిపించాయంటే, ఆ సున్నాలు తాళం వేయకముందే చేరాయన్నమాట. ఆ ఒక్క ఆలోచనతో ఊరి నెట్ సెంటరు, ఫోను కంపెనీ, ఆ అబ్బాయి ప్రింటరు, అన్నీ ఒకేసారి నిర్దోషులైపోయాయి. మిగిలింది మా రెండు గదులే. ఎన్‌జిన్ఎక్స్ ఉన్న యంత్రం మీద కూర్చుని, కర్ల్ అనే పనిముట్టుతో లోపలి అపాచీని నేరుగా అడిగితే అదే రంధ్రం, అదే చోట వచ్చింది. అపాచీ ఉన్న యంత్రం మీద అదే ఫైలును షేర్డ్ ఫోల్డర్ నుంచి మామూలుగా కాపీ చేసి ఫైలుకు వేలిముద్రలాంటి షా-256 ముద్ర లెక్కవేస్తే, అసలు ఫైలు ముద్రతో అక్షరం పొల్లు పోకుండా సరిపోయింది. చివరగా ఆ కాపీని సర్వర్ సొంత డిస్కు మీద పెట్టి అపాచీ ద్వారానే తెప్పిస్తే, అదీ శుభ్రంగా వచ్చింది. అపాచీ మంచిదే, ఫోల్డర్ మంచిదే. రెండూ కలిసినప్పుడే చెడు పుడుతోంది.

ఆ కలయికలో ఏం జరుగుతుందో పాఠకుల కోసం కొంచెం వివరిస్తాను. వెబ్ సర్వర్ ఒక ఫైలును పంపడానికి పాత పద్ధతి ఏమిటంటే, ఫైలును కొంచెం కొంచెంగా తన చేతుల్లోకి చదువుకుని, మళ్లీ కొంచెం కొంచెంగా నెట్‌వర్క్‌లోకి రాయడం. చెరువులోంచి కుండలతో నీళ్లు మోసి చేనుకు పోసినట్టు. ఇది శ్రమ. అందుకని సెండ్‌ఫైల్ అనే దగ్గరి దారి వచ్చింది. లైనక్స్‌లో ఇది 2.2 కెర్నల్‌తో, 1999లో వచ్చింది. విండోస్‌లో ట్రాన్స్‌మిట్‌ఫైల్ అనేది ఇదే పని చేస్తుంది. ఇందులో సర్వర్ నీళ్లు మోయదు. ఫలానా ఫైలు, ఇన్ని బైట్లు అని చెప్పి తూము ఎత్తేస్తుంది, కెర్నల్ తన జ్ఞాపకంలోని పేజీలను నేరుగా నెట్‌వర్క్ కాలువలోకి వదిలేస్తుంది. చెరువు మన ఊరిదే అయినప్పుడు, అంటే ఫైలు సొంత డిస్కు మీద ఉన్నప్పుడు, ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. కానీ షేర్డ్ ఫోల్డర్ విషయంలో చెరువు పక్క ఊరిది. దానిలో ఎంత నీరుందో, ఎప్పుడు మారిందో మన కెర్నల్‌కు ఎప్పటికప్పుడు తెలియదు. ఆ ఫోల్డర్‌ను మౌంట్ చేసే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేరు తెచ్చి చెప్పిన మాటనే నమ్ముతుంది. డ్రైవర్ ఆ పనిని సరిగ్గా చేయకపోతే, రిజిస్టరులో నీటిమట్టం నిండుగా ఉంటుంది గానీ తూములోంచి గాలి వస్తుంది. ఫైలుకు ముందు సర్వర్ పంపే వివరాల్లో, అంటే హెడర్‌లో, రాసిన పరిమాణం రిజిస్టరు నుంచి తీసుకున్నది. సున్నాలు ఆ గాలి.

ఇది మేము కనిపెట్టిన రహస్యమేమీ కాదు. అపాచీతో పాటు వచ్చే నమూనా కాన్ఫిగరేషన్ ఫైల్లోనే, నెట్‌వర్క్ మీద మౌంట్ చేసిన ఫోల్డర్ల నుంచి ఫైళ్లను అందించేటప్పుడు సెండ్‌ఫైల్‌నూ, ఎంమ్యాప్ అనే దాని తోబుట్టువునూ తప్పనిసరిగా ఆపేయాలని రాసి ఉంటుంది. ఆ హెచ్చరిక మా సర్వర్లోనూ పదేళ్లుగా ఉంది, ఎవరమూ చదవలేదు. అపాచీ 2.2లో సెండ్‌ఫైల్ దానంతటదే పనిచేసేది. 2.3.9 నుంచి, అంటే మనం వాడే 2.4లో, అది దానంతటదిగా పనిచేయకుండా మార్చారు. మరి మా దగ్గర ఎందుకు పనిచేస్తోంది? రెడ్‌హ్యాట్, ఫెడోరా, సెంట్‌ఓఎస్ కుటుంబానికి చెందిన ప్యాకేజీల్లో వచ్చే కాన్ఫిగరేషన్ ఫైలు చివర ‘ఎనేబుల్‌సెండ్‌ఫైల్ ఆన్’ అనే గీత విడిగా రాసి ఉంటుంది. అపాచీ పత్రాలు చదివి అది ఆపే ఉందనుకున్న నాలాంటివారు, ఆ చివరి గీతను చూడక మోసపోతారు. ఎన్‌జిన్ఎక్స్ కథ కూడా ఇలాంటిదే: సెండ్‌ఫైల్ ఆపి ఉండటమే సహజ స్థితి అని పత్రాల్లో ఉంటుంది, దానితో పాటు వచ్చే నమూనా ఫైల్లో మాత్రం ఆన్ చేసి ఉంటుంది.

మొదటి రోజు మమ్మల్ని తప్పుదోవ పట్టించిన ఒక ఆనవాలును ఇక్కడ చెప్పకుండా ఉండలేను. కళాశాల వెబ్‌సైటులోని పేజీలన్నీ, అవి కూడా అదే షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్నప్పటికీ, చక్కగా కనిపించేవి. పీడీఎఫ్‌లు, ఫొటోలు, జిప్ ఫైళ్లు మాత్రమే చెడిపోయేవి. కాబట్టి తప్పు పీడీఎఫ్ తయారుచేసే సాఫ్ట్‌వేరుదే అని ఒక పూటంతా వాదించుకున్నాం. అసలు సంగతి ఏమిటంటే, పేజీలను సర్వర్ జీజిప్‌తో కుదించి పంపుతుంది. కుదించాలంటే ఫైలును చేతుల్లోకి తీసుకోక తప్పదు, కాబట్టి అక్కడ సెండ్‌ఫైల్ దారి వాడదు. ఫొటోలు, పీడీఎఫ్‌లు ముందే కుదించి ఉంటాయి కనుక వాటిని ఉన్నవున్నట్టు తూములోంచి వదిలేస్తుంది. అపాచీ తానే హెచ్‌టీటీపీఎస్ తాళం వేస్తున్న చోట కూడా ఇలాంటి తేడాయే కనిపిస్తుంది: తాళం వేయడానికి సమాచారం చేతుల్లోకి రావాలి కాబట్టి, తాళం లేని చిరునామాలో చెడిపోయే ఫైలు తాళమున్న చిరునామాలో బాగానే వస్తుంది. మా దగ్గర తాళం ముందున్న ఎన్‌జిన్ఎక్స్ వేస్తుండటం వల్ల ఆ సూచన మాకు అందలేదు.

కారణం తెలిశాక మందు ఒక్క గీతే కదా అనుకుంటారు. మేమూ అలాగే అనుకుని, ఆ షేర్డ్ ఫోల్డర్‌కు మాత్రం వర్తించేలా ‘ఎనేబుల్‌సెండ్‌ఫైల్ ఆఫ్’ అని రాసి, అపాచీని తిరిగి లోడ్ చేసి, బయటి నుంచి పరీక్షించాం. మళ్లీ అదే బూడిదరంగు. ‘అయితే ఇది కాదన్నమాట’ అని ఆ గీతను వెనక్కి మార్చేశాం! నా ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో నేను చేసిన అతి తెలివితక్కువ పని అదేనని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ముందున్న ఎన్‌జిన్ఎక్స్ చెడిన ఫైలును ఒకరోజుపాటు తన క్యాష్‌లో దాచుకుని, అడిగిన ప్రతివారికీ అదే ఇస్తోంది. లోపలి సర్వర్ బాగుపడిన సంగతి దానికి తెలియనే తెలియదు. మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఈ సంగతి మాకు తట్టలేదు. చిరునామా చివర ఒక ప్రశ్నార్థకం, ఒక అంకె చేర్చి అడిగితే క్యాష్‌లో లేని కొత్త చిరునామా అవుతుంది కాబట్టి, లోపలి నుంచి తాజాగా తెప్పిస్తుంది. ఆ గీతను మళ్లీ రాసి అలా అడిగినప్పుడు ఫొటో గడ్డం వరకూ వచ్చింది. ఏ మార్పు చేసినా క్యాష్‌ను దాటి పరీక్షించకుండా ఫలితాన్ని నమ్మకూడదని నా అనుభవం.

క్యాష్‌ను ఖాళీ చేశాక కూడా కొందరు విద్యార్థులకు పాత చెడ్డ ఫైలే రావడం ఆగలేదు. అది ఇంకా విచిత్రం. బ్రౌజర్ తన దగ్గరున్న కాపీ ఇంకా చెల్లుతుందా అని సర్వర్‌ను అడిగేటప్పుడు ఈట్యాగ్ అనే గుర్తును చూపిస్తుంది. అపాచీ 2.4 ఆ గుర్తును ఫైలు మారిన సమయం, ఫైలు పరిమాణం అనే రెండింటి నుంచే తయారుచేస్తుంది. మా నిల్వ పెట్టెలోని అసలు ఫైలు ఎన్నడూ మారలేదు, చెడిన కాపీ పరిమాణమూ అదే. కాబట్టి విద్యార్థి ఫోను తన చెడ్డ కాపీ గుర్తును చూపించి అడిగిన ప్రతిసారీ, మా సర్వర్ ‘నీ దగ్గరున్నది సరైనదే’ అనే అర్థం వచ్చే 304 అంకెతో జవాబిచ్చింది. అబద్ధాన్ని నిజమని ధ్రువీకరించి పంపుతోందన్నమాట. ఫైళ్లన్నిటికీ మారిన సమయాన్ని కొత్తగా ముద్రించాక గానీ ఆ ఫిర్యాదులు ఆగలేదు.

ఇక ఒకే లక్షణానికి రెండు జబ్బులుండవచ్చని కూడా మాకు అప్పుడే తెలిసింది. సెండ్‌ఫైల్ ఆపిన తర్వాత కూడా, పరీక్షల విభాగం వారు కొత్త హాల్‌టికెట్లు ఎక్కించే సమయంలో మాత్రం, ఒకటీ అరా పీడీఎఫ్‌లు అసలు తెరుచుకోని స్థితిలో వెళ్లాయి. విండోస్ నుంచి షేర్డ్ ఫోల్డర్‌లోకి కాపీ మొదలైనప్పుడు, చాలాసార్లు ఫైలుకు పూర్తి పరిమాణం ముందే కేటాయించి, ఆ తర్వాత నింపుకుంటూ వస్తుంది. ఆ మధ్యలో ఎవరైనా అడిగితే పరిమాణం సరిగ్గానే ఉంటుంది, నిండని తోకభాగంలో సున్నాలుంటాయి. పీడీఎఫ్‌ను చదివే సాఫ్ట్‌వేరు ముందుగా ఫైలు చివరనున్న సూచికను వెతుక్కుంటుంది. అక్కడ సున్నాలుంటే పాడైన ఫైలు అని తెరవడానికే నిరాకరిస్తుంది. జిప్ ఫైలు సూచిక కూడా చివర్లోనే ఉంటుంది. దీనికి సెండ్‌ఫైల్‌తో సంబంధం లేదు. తాత్కాలికమైన వేరే పేరుతో కాపీ చేసి, పూర్తయ్యాక అసలు పేరు పెట్టడమే దీనికి ఉపాయం. మొదట్లో సూపరింటెండెంట్ గారు ‘వెయ్యి ఫైళ్లకు వెయ్యిసార్లు పేర్లు మార్చమంటావా?’ అని విసుక్కున్నారు; న్యాయమే. ఆ పనిని ఒక చిన్న స్క్రిప్టుకు అప్పగించాం.

ఎంమ్యాప్ అని పైన అన్నది ఇంకో రకం ప్రమాదం తెస్తుంది. అపాచీ ఒక ఫైలును తన జ్ఞాపకంలో పరుచుకుని పంపుతుండగా, అవతలి యంత్రం నుంచి ఎవరైనా దాన్ని చెరిపేసినా, కత్తిరించినా, లేని చోటును తాకిన అపాచీ ప్రక్రియ అక్కడికక్కడే కూలిపోతుంది. విద్యార్థికి సగం పేజీ వస్తుంది. ఎర్రర్ లాగ్‌లో ఫలానా నంబరు ప్రక్రియ ‘బస్ ఎర్రర్’తో ముగిసిందని ఒక గీత పడుతుంది. షేర్డ్ ఫోల్డర్ ఉన్నచోట ఆ గీత కనిపిస్తే ముందుగా దీన్నే అనుమానించాలి. ‘ఎనేబుల్ఎంమ్యాప్ ఆఫ్’ అని రాస్తే సరి.

మా ఫైనలియర్ విద్యార్థుల ప్రాజెక్టులో ఇదే కుటుంబానికి చెందిన మరో సమస్య బయటపడింది. దాన్ని ప్రస్తావించడానికి కారణం, ఊరూరా కోచింగ్ కేంద్రాల్లో, హాస్టల్ గదుల్లో ఎందరో పిల్లలు ఇదే ఏర్పాటు వాడుతున్నారు. విండోస్ లాప్‌టాప్‌లో ఫైలు రాసి, ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ షేర్డ్ ఫోల్డర్ ద్వారా లోపలి లైనక్స్‌లోని వెబ్ సర్వర్ నుంచి చూస్తారు. వర్చువల్‌బాక్స్ షేర్డ్ ఫోల్డర్లకూ సెండ్‌ఫైల్‌కూ పొసగదని, ఫైళ్లు చెడిపోవచ్చు లేదా చేసిన మార్పులు కనిపించకపోవచ్చని, కాబట్టి సెండ్‌ఫైల్ ఆపేయాలని అలాంటి లోపలి యంత్రాలను సిద్ధం చేసే వేగ్రంట్ అనే సాఫ్ట్‌వేరు పత్రాల్లోనే ఉంది. మావాడొకడు సమాచారాన్ని బ్రాకెట్ల మధ్య రాసే తన జేసన్ ఫైల్లో ఒక పేరుకు ముందు ‘శ్రీ’ చేర్చాడు. మన కంటికి అది ఒక్క అక్షరం. అక్షరాలను కంప్యూటర్ దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో మాత్రం శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే నాలుగు గుర్తులు, ఒక్కొక్కటి మూడు బైట్లు, మొత్తం 12 బైట్లు. సర్వర్ పాత పరిమాణాన్నే పట్టుకుని పంపడంతో చివరి 12 బైట్లు తెగిపోయాయి, వాటితో పాటు మూసే బ్రాకెట్లు పోయాయి, పేజీ మొత్తం ఖాళీ అయింది. ‘సార్, శ్రీ తీసేస్తే పనిచేస్తోంది, పెడితే ఆగిపోతోంది, తెలుగు ఫాంటులో ఏదో తేడా ఉంది’ అని వాడు నా దగ్గరికి వచ్చాడు.

తెలుగు అనగానే ఇంకో మాట. ఇంగ్లిషు పేజీలు పూర్తిగా వచ్చి, తెలుగు పేజీలు మాత్రమే మూడోవంతు దగ్గర తెగిపోతుంటే షేర్డ్ ఫోల్డర్‌ను అనుమానించకండి. అది ప్రోగ్రాము రాసినవారు పరిమాణాన్ని బైట్లలో కాక గుర్తుల లెక్కలో హెడర్‌లో వేయడం వల్ల వచ్చే తప్పు. ఇంగ్లిషులో గుర్తుకు ఒక బైటే కాబట్టి అక్కడ ఆ తప్పు బయటపడదు. అలాగే, ఆగిపోయిన డౌన్‌లోడ్‌ను ఫోను మళ్లీ కొనసాగించేటప్పుడు, మధ్యలో సర్వర్ మీది ఫైలు మారిపోతే, పాత ఫైలు తల, కొత్త ఫైలు మొండెం అతుక్కుని వస్తాయి. ఈట్యాగ్ మారిందో లేదో చూసుకుని కొనసాగించే డౌన్‌లోడర్లకు ఈ బాధ లేదు. విండోస్ మీద అపాచీ నడిపేవారు నెట్‌వర్క్ డ్రైవుకు జెడ్ లాంటి అక్షరం పెట్టుకుంటే అది సర్వీసుకు కనిపించదు. కానీ అప్పుడు ఫైలు దొరకదు తప్ప చెడిపోయి రాదు.

సెండ్‌ఫైల్ ఆపితే వేగం తగ్గదా అని మా మేనేజ్‌మెంట్ వారు అడిగారు. షేర్డ్ ఫోల్డర్ నుంచి వచ్చే ఫైలుకు అసలు ఆలస్యమంతా రెండు గదుల మధ్య నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. దగ్గరి దారి మిగిల్చేది అందులో లెక్కలోకి రాదు. నిజానికి నా అభిప్రాయంలో సరైన మందు ఆ గీత కూడా కాదు. జనానికి అందించే ఫైళ్లను వెబ్ సర్వర్ సొంత డిస్కు మీదే ఉంచాలి. షేర్డ్ ఫోల్డర్ నుంచి పది నిమిషాలకోసారి ఆర్‌సింక్ అనే కాపీ పనిముట్టుతో తెచ్చుకుంటే చాలు; అది మామూలుగా ప్రతి ఫైలునూ చాటు పేరుతో తెచ్చి, పూర్తయ్యాకే అసలు పేరు పెడుతుంది కాబట్టి సగం నిండిన ఫైలు బయటికి వెళ్లే బాధ కూడా అక్కడ తగ్గిపోతుంది. మేము ఈ ఏడు అలాగే మార్చుకున్నాం. పది నిమిషాల ఆలస్యం మీద వచ్చిన ఫిర్యాదు ఇప్పటివరకూ ఒక్కటీ లేదు.

ఈ ఉత్తరంతో రెండు విన్నపాలు. మొదటిది, లక్షల మందికి హాల్‌టికెట్లు, మార్కుల మెమోలు, భూమి పత్రాలు అందించే కార్యాలయాలకు. వెబ్‌సైటు పనిచేస్తోందా లేదా అని మీ పరిశీలనా యంత్రాలు 200 అంకెను మాత్రమే చూస్తున్నట్లయితే, ఇలాంటి చెడు వాటికి ఎప్పటికీ కనిపించదు. గంటకోసారి పది ఫైళ్లను బయటి నుంచి, క్యాష్‌ను దాటి తెప్పించి, అసలు ఫైళ్ల షా-256 ముద్రలతో పోల్చే ఏర్పాటు ఒక మధ్యాహ్నంలో రాసుకోవచ్చు. రెండోది మీ విలేకరులకు. ‘సర్వర్ డౌన్’ అన్న జవాబు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగమని కోరుతున్నాను: ఫైలు రాలేదా లేక చెడిపోయి వచ్చిందా, వచ్చిన ఫైలు పరిమాణం అసలు దానితో సరిపోయిందా, ఆ ఫైళ్లు వెబ్ సర్వర్ సొంత డిస్కు మీద ఉన్నాయా లేక షేర్డ్ ఫోల్డర్‌లోనా. మూడింటికీ జవాబు వస్తే, పక్కనున్న సాంకేతిక సిబ్బందికి సగం దారి తెలిసిపోతుంది.

ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు. మా పొరపాట్లతో పోయిన కాలం పోగా, పరీక్ష ముందురోజు సాయంత్రం మేమే మంచి కాగితం తీసి, ఆ తండ్రికి ఫోన్ చేసి పిలిపించి ఇచ్చాం. ఆయన దాన్ని వెలుతురులోకి పట్టుకుని ఫొటోను గడ్డం వరకూ చూసుకుని, మడత పెట్టకుండా పుస్తకంలో పెట్టుకున్నారు. వెళుతూ వెళుతూ, ‘ఇంతకీ ప్రింటర్ది కాదన్నమాట తప్పు. ఆ నెట్ సెంటర్ కుర్రాడికి ఈ మాట ఎవరు చెబుతారండీ?’ అన్నారు. ఫోన్ నంబరు తీసుకుని నేనే చెప్పాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
కంప్యూటర్ల నిర్వహణ ఉద్యోగి,
గోదావరి జిల్లాల నుంచి